మామ చేసిన ఇంటర్వ్యూ

ఈ మధ్య ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. రిటైరైన మనిషి ఖాళీగా ఉంటుందని, ఖాళీగా ఉన్న మనిషికి అన్నీ తెలిసి ఉంటాయని వాళ్ళ నమ్మకం. మొదటిది నిజమే. రెండోదాని సంగతి మా ఇంట్లోవాళ్ళను అడిగితే చెబుతారు. అయినా ఇంత ఎండలో వచ్చిన పిల్లలను వట్టి చేతులతో పంపలేక మజ్జిగిచ్చి, ఒక ఇంటర్వ్యూ గురించి చెప్పి పంపుతున్నాను. మజ్జిగ అందరూ తాగుతున్నారు. కథ ఎంతమంది వింటున్నారో తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేను ఆదోనిలో ఒక ఐటీఐలో కుట్టు ట్రేడు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. కాపురం ఎమ్మిగనూరులో, ఉద్యోగం ఆదోనిలో. ఉద్యోగంలో సగం బస్సులో గడిచింది, మిగిలిన సగం మిషన్లలో చిక్కుపడ్డ దారం లాగడంలో గడిచింది. పత్తి సీజను వచ్చిందంటే జిన్నింగు మిల్లుల దూది మా కిటికీల్లోంచి వచ్చి మిషన్ల మీద పడేది. పిల్లలు బట్ట కుట్టేముందు దూది ఏరుకునేవాళ్ళు. దాన్ని సిలబస్‌లో చేర్చమని ఒకసారి పైకి రాశాను. జవాబు రాలేదు.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అనే పని మొదట్లో మా దగ్గర ఎవరికీ లేదు. ఒకరోజు మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఆ మాట చదివి, ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగారు. అందరూ ఠక్కున కిందికి చూశారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంటూ తల ఎత్తాను. పని నాకొచ్చింది. తల ఎత్తితే ఏమవుతుందో నాకు ఆరోజే తెలిసింది. అయినా ఆ తర్వాత రిటైరయ్యేదాకా పిల్లలకు తల ఎత్తమనే చెప్పాను.

ఆ ఏడు దీపావళి దాటాక, కర్ణాటక వైపునుంచి ఒక రెడీమేడ్ బట్టల కంపెనీ మా దగ్గరికి వచ్చి ఇంటర్వ్యూలు చేస్తామని కబురు పంపింది. పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు కావాలన్నారు. హాస్టలు వాళ్ళదే, తిండి వాళ్ళదే. ప్రిన్సిపాల్ గారు వెంటనే ఫ్లెక్సీ ఆర్డరిచ్చారు. అందులో ఆయన ఫోటో నిలువెత్తున, కంపెనీ పేరు కింద మూలన వచ్చాయి. ఇక పిల్లలను తయారు చేయడం నా వంతు, మా ఇంగ్లీషు సార్ వంతు అయింది.

ఇంగ్లీషు సార్ మంచివాడు, మహా మొహమాటస్తుడు. ఇంటర్నెట్ అంతా గాలించి ప్రశ్నలూ జవాబులూ ఒక కాగితం మీద అచ్చువేయించి అందరికీ పంచాడు. వాళ్ళు ఇది అడుగుతారు, మీరు ఇది చెప్పండి. అందరికీ ఒకటే కాగితం కాబట్టి అందరి ఆశయాలూ ఒకటే, అందరి అలవాట్లూ ఒకటే. పుస్తకాలు చదవడం, పాటలు వినడం. చిట్టచివరి ప్రశ్న, ‘మీరు మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?’ దానికి జవాబు, ‘ఏమీ లేవు సార్, థాంక్యూ సార్.’ ఈ చివరి జవాబు గుర్తుపెట్టుకోండి.

ఇంటర్వ్యూకు వెళ్ళగానే షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పడం కూడా ఆయన పనే. కానీ ఆడపిల్లలకు చెయ్యివ్వడం ఆయన వల్ల కాలేదు. ఆయన బోర్డు దగ్గర నిలబడి, “గట్టిగా... మరీ గట్టిగా కాదు... ఒక్కసారి ఊపి వదిలెయ్యాలి” అని చెబుతుంటే, చెయ్యి మాత్రం నాది. క్లాసు మొత్తానికి నేనే చెయ్యిచ్చాను. ఆ సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకోలేకపోయాను.

తర్వాత ప్రశ్నలు. కాగితం పక్కనపెట్టి సొంతంగా చెప్పమన్నాను. అది నేను కొని తెచ్చుకున్న బాధ. “ఐదేళ్ళ తర్వాత నువ్వెక్కడ ఉంటావనుకుంటున్నావు?” అంటే ఒకమ్మాయి లేచి, “మా అత్త ఎట్ల సెప్తే అట్ల మేడమ్” అంది. పిల్లకు ఇంకా పెళ్ళి కాలేదు. అత్త ఎవరో కూడా తెలియదు. ఇంకో అమ్మాయిని నీ బలహీనతలు ఏమిటంటే, “రక్తం తక్కువుండాది మేడమ్, ఆస్పత్రిలో మాత్రలిచ్చినారు” అంది. ఇంగ్లీషు సార్ నవ్వాడు. నేను కాగితం తిప్పి చూశాను. అంత నిజమైన జవాబు అందులో ఒక్కటీ లేదు.

అసలు తంటా కూర్చోవడంలో వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే అందరూ ఒకేలా కూర్చునేవాళ్ళు. తల కిందికి, చేతులు ఒళ్ళో, కాలి బొటనవేలు నేలమీద రాస్తూ. అడిగినదానికి మాత్రమే జవాబు, అదీ సగం. ఎందుకిట్లా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. ఈ పిల్లలకు ఇంటర్వ్యూ కొత్తదేం కాదు. కొత్తవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుని తమను చూసి, ప్రశ్నలడిగి, నచ్చిందో లేదో తర్వాత చెప్పి పంపడం వాళ్ళ ఇళ్ళల్లో మామూలే. పెండ్లిచూపులకు ఎట్లా కూర్చోవాలో అమ్మా, అవ్వా చిన్నప్పటినుంచీ నేర్పారు. అక్కడ తల ఎత్తిన పిల్ల గడుసుది, ఎదురు ప్రశ్న వేసిన పిల్ల మరీ గడుసుది. పన్నెండేళ్ళ చదువు మరిచిపోయినా ఈ పాఠం మాత్రం ఒక్కరూ మరిచిపోలేదు.

అందులో అందరికంటే బాగా నేర్చుకున్నది కోసిగి వైపు పల్లెనుంచి వచ్చిన అమ్మాయి. పనిలో చురుకు. మిషన్ ముందు కూర్చుంటే ఆ పిల్లే వేరు. కుర్చీలో కూర్చోబెడితే మాత్రం తన చెప్పులతో మాట్లాడేది. నేను ప్రశ్న వేస్తే చెప్పులకు జవాబు చెప్పేది. చెప్పులు నాకు చెప్పేవి కావు.

“ఏమ్మే, నేను ఈడుండాను, కింద కాదు” అని ఒకరోజు గట్టిగా కసురుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా స్టాఫందరికీ తెలుసు. క్లాసయ్యాక ఆ పిల్ల వెనకే వచ్చి, స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, తలుపుకు చెప్పింది.

“మేడమ్, ఈ ఉద్యోగం రాకుంటే శుక్రవారం లారీ ఎక్కల్ల.”

“ఏం లారీ?”

“సుగ్గికి మేడమ్. గుంటూరు పక్క మిరక్కాయ కోతకు. మేస్త్రీకి మా మామ మాటిచ్చినాడు. నన్ను కూడా కలిపి సెప్పినాడు.”

ఈ వైపు వాళ్ళకు సుగ్గి అంటే చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెబుతాను. వానలు లేక చేలో పని లేనప్పుడు ఇంటికి తాళం వేసి, మూటా ముల్లే కట్టుకుని, కూలీలను కుదిర్చే మేస్త్రీ తెచ్చిన లారీలెక్కి ఊళ్ళకు ఊళ్ళు మిరప కోతలకు పోతాయి. కోతలయ్యాక తిరిగొస్తాయి. చిన్నప్పుడు ఈ పిల్ల అమ్మానాన్న సుగ్గికి పోయినప్పుడల్లా బడిలో పెట్టిన హాస్టల్లో ఉండి చదువుకుంది. పది దాటాక ఆ హాస్టలు లేదు. అప్పటినుంచి సెలవు దొరికినప్పుడల్లా తనూ లారీ ఎక్కింది. ఇంటర్వ్యూ బుధవారం. లారీ శుక్రవారం.

“నీకు పోవాలని లేదా?” అని అడిగాను. అడిగాక నా ప్రశ్నకు నాకే సిగ్గేసింది.

ఆ పిల్ల, “నాకు తల ఎత్తేది నేర్పించండి మేడమ్” అంది. అదీ తలుపుకే.

సరే, నేర్పుదామని కూర్చున్నాను. మనుషుల్ని చూసి మాట్లాడలేకపోతే ముందు మనిషి కాని దాన్ని చూసి మాట్లాడమన్నాను. మా ల్యాబులో జాకెట్లు తొడిగి కొలత చూసుకునే బొమ్మ ఒకటి ఉంది. దాన్ని తీసుకొచ్చి టేబులు వెనక నిలబెట్టాం. ఇంగ్లీషు సార్ ఉత్సాహంగా తన పాత టై తెచ్చి దానికి కట్టాడు. “ఇదే కంపెనీ సారు. సారును చూసి మాట్లాడండి” అన్నాను. పిల్లలకు భయం పోయింది. బొమ్మకు చెయ్యి లేదు కాబట్టి షేక్‌హ్యాండ్ బెడద కూడా తప్పింది. కోసిగి పిల్ల మధ్యాహ్నం అన్నం మానేసి బొమ్మ ముందు కూర్చుని గడగడా చెప్పేది. మంగళవారానికి క్లాసంతా తల ఎత్తి మాట్లాడుతోంది. ప్రిన్సిపాల్ గారు చూసి, ఇది మన సంస్థ సాధించిన విజయం అన్నారు.

ఆ బొమ్మకు తల లేదని ఆ వారం రోజుల్లో మాలో ఒక్కరికీ తోచలేదు. దాని ఒళ్ళు మెడ దగ్గర ఆగిపోతుంది. పిల్లలు తల ఎత్తి చూసింది మెడదాకానే.

బుధవారం పొద్దున కంపెనీవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకాయన హెచ్ఆర్, కుర్రవాడే, కోస్తా మాట. ఇంకొకామె ప్రొడక్షన్ చూసే మేడమ్, కన్నడ మనిషి, తెలుగు బాగానే వచ్చు. ప్రిన్సిపాల్ గారు శాలువాలు కప్పారు. నన్ను సంస్థ తరఫున ఒక మూల కుర్చీలో కూర్చోమన్నారు, మాట్లాడొద్దని కూడా చెప్పారు. నేను మాట్లాడను అన్నాను. ఆ మాట నేను నిలబెట్టుకోలేదు, ఆయనా నమ్మలేదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ ధైర్యంగా తల ఎత్తి, హెచ్ఆర్ సారు టైకి నమస్కారం పెట్టి, టైతో మాట్లాడటం మొదలుపెట్టారు. పుస్తకాలు చదువుతామని టైకి చెప్పారు, పాటలు వింటామని టైకి చెప్పారు. ఆయన మొదట టై మీద ఏమైనా పడిందేమోనని తుడుచుకున్నాడు. తర్వాత ముడి సర్దుకున్నాడు. ఆ తర్వాత చొక్కా గుండీలు తడుముకున్నాడు. నాలుగో పిల్ల వచ్చేసరికి పాపం టై తీసి బ్యాగులో పెట్టేశాడు. ఆ పిల్ల దిక్కులు చూసి, పాఠమంతా మరిచిపోయింది.

కోసిగి పిల్ల వంతు వచ్చింది. ముందు మిషన్ మీద కాలరు కుట్టమన్నారు. కుట్టింది. ప్రొడక్షన్ మేడమ్ దాన్ని లోపలా బయటా తిప్పి చూసి సరే అంది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టారు. “నీ గురించి చెప్పమ్మా” అన్నాడు హెచ్ఆర్. పిల్ల తల ఎత్తింది. టై లేదు. తల దించేసింది.

నా ప్రాణం ఉసూరుమంది. ఒక ప్రశ్న, రెండు ప్రశ్నలు, మూడు. సార్ అనడం, ఆగిపోవడం. ఆఖరికి ఆయన పెన్ను మూత పెడుతూ, మర్యాదకు, “పోనీ, మమ్మల్ని ఏమైనా అడగాలా?” అన్నాడు. కాగితంలో ఆ పిల్లకు గుర్తున్నది ఆ ఒక్క జవాబే.

“ఏమీ లేవు సార్. థాంక్యూ సార్.”

“ఉండాయి సార్!” అని కిటికీలోంచి వినిపించింది.

అందరం అటు చూశాం. కిటికీ అవతల తెల్ల తలగుడ్డ, దాని కింద గుబురు మీసం. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. పిల్ల బొటనవేలు నేలమీద రాయడం ఆగిపోయింది.

“మా మామ” అంది చెప్పులతో.

ఇంట్లో చెప్పి రండని నేను క్లాసులో అందరికీ చెప్పాను. అందరూ చెప్పి వచ్చారు. ఈ పిల్ల కూడా చెప్పింది. అయితే పిల్లను ఇంకో ఊరికి పంపేటప్పుడు ముందు మేనమామ పోయి ఆ మనుషుల్ని చూసి రావాలి, వాళ్ళ ఇంటి పద్ధతి అది. అది పెళ్ళా, ఉద్యోగమా అన్నదానితో పనిలేదు. పిల్ల వాళ్ళ నాన్న మాట్లాడే మనిషి కాదు, ఎద్దులతో ఇంటి దగ్గరే ఉండిపోయాడు. అందుకని మామ, అమ్మ, అవ్వ తెల్లవారుతూనే టెంపో ఎక్కి వచ్చేశారు. ఉట్టి చేతులతో పోకూడదని స్టీలు క్యాను నిండా శెనక్కాయ ఉండలు తెచ్చారు.

అడ్డుకోవాల్సింది నేనే. కానీ ముగ్గురూ అప్పటికే లోపలికి వచ్చేశారు. అవ్వ నేరుగా పోయి ఆ ఇద్దరి ముందూ చెరో రెండు ఉండలు పెట్టింది. “తినండప్పా, ఎండన పడి వచ్చినారు” అంది. హెచ్ఆర్ సారుకు ఏం చేయాలో తోచలేదు. ప్రొడక్షన్ మేడమ్ ఒకటి తీసుకుని కొరికింది. ఇక ఇంటర్వ్యూ ఎవరి చేతుల్లో ఉందో నాకు అర్థమైపోయింది.

మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నువ్వేమనుకోవద్దప్పా. పిల్లను పంపాలంటే నాలుగు మాటలు అడగల్ల గదా. మీ ఫ్యాక్టరీ రోడ్డు పక్కనా, లోపలికా?”

“రోడ్డు పక్కనే అండీ.”

“హాస్టలు?”

“కొంచెం లోపలికి.”

“కొంచెం అంటే? పొద్దుగూకినాక పిల్ల నడిసి పోవల్ల, లేకుంటే బండి పెడతారా?”

“బస్సుందండీ.”

“నీళ్ళు?”

“బోరుంది.”

“బోరు మాకూ ఉండాది. నీళ్ళుండాయా అని అడుగుతాండా.”

హెచ్ఆర్ సారు మేడమ్ వైపు చూశాడు. ఆమె రెండో ఉండ తీసుకుంటూ, ఉన్నాయని తల ఊపింది. అవ్వ మధ్యలో వచ్చి, “ఆదివారం సర్చికి పంపుతారా?” అంది. పంపుతామన్నారు. జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడిగాడు మామ. అమ్మతో ఫోను మాట్లాడనిస్తారా? వార్డెను ఆడమనిషా, మగమనిషా? గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? హెచ్ఆర్ సారు మొదట్లో వెనక్కి వాలి జవాబు చెప్పాడు. తర్వాత ముందుకు జరిగాడు. కాసేపటికి తల కాస్త వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతున్నాడు. ఆ కూర్చునే తీరు నాకు బాగా తెలిసిందే.

“బాత్రూముకు లోపల గడియుండాదా?”

“సేఫ్టీ విషయంలో మా పాలసీ చాలా స్ట్రిక్టండీ.”

“పాలసీ సరేప్పా. గడియుండాదా, లేదా?”

ఆయనకు తెలియదు. పాపం, ఆ ప్రశ్న ఎవరూ ఏ ఊళ్ళోనూ ఆయన్ను అడిగి ఉండరు. ఫోను తీసి హాస్టలుకు చేశాడు. అవతల వార్డెనమ్మ పోయి చూసి వచ్చేదాకా అందరం కూర్చున్నాం. అవ్వ నాకూ రెండు ఉండలు ఇచ్చింది. బాగున్నాయి, బెల్లం సరిపోయింది. ఆయన ఫోను పెట్టేసి, పిల్లవాడు మార్కులు చెప్పినట్టు చెప్పాడు.

“రెండింటికి విరిగిపోయాయంటండీ. మిగతావాటికి ఉన్నాయి.”

మామ లేచాడు. తలగుడ్డ దులిపి చుట్టుకున్నాడు. “సరేప్పా. ఊరికి పోయి కబురు చేస్తాం” అన్నాడు.

పెండ్లిచూపుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో ఈ వైపు ఎవరికైనా తెలుసు. కబురు రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల అన్నం మానేసి బొమ్మతో మాట్లాడింది ఇందుకా? మాట్లాడొద్దన్న ప్రిన్సిపాల్ గారి మాట గాలికి పోయింది. “ఏమన్నా, విరిగిన గడియ బిగించేది ఎంతసేపు పని? దానికోసం పిల్ల బతుకు...” అని మొదలుపెట్టాను.

“నువ్వుండమ్మా. మా పిల్ల మాకు బరువు కాలేదు” అన్నాడు మామ. ఆ మాట ప్రేమతోనే అన్నాడు, నాకూ తెలుస్తోంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు ఆ పిల్ల తల ఎత్తింది. టై లేదు, బొమ్మ లేదు. నేరుగా మామ కళ్ళల్లోకి చూసింది.

“మామా, సుగ్గికాడ గడియుండాదా?”

మామకు అర్థం కాలేదు. “ఏమి?”

“మిరప సేలో బాత్రూము యాడుంది మామా? గడియ తర్వాత. తలుపుండాదా? గోడుండాదా? గుడిసెలో కరెంటుండాదా? జ్వరమొస్తే సూసేదెవరు? పోయిన తూరి నాకు జ్వరమొస్తే ఎవరు సూసినారు? మేస్త్రీ వచ్చినాడు, లారీ తెచ్చినాడు, ఎంతమంది అని నువ్వు సెప్పినావు. ఒక్క మాట అడిగితివా ఆయప్పను?”

హెచ్ఆర్ సారు వైపు చెయ్యి చూపించింది. 

“ఈ సారును ఇంతసేపు అడిగినావు. మంచిదే, నాకు సంతోషమే. మేస్త్రీని యానాడూ అడగలేదు. నేను ఈడికే పోతా మామా.”

మామ తలగుడ్డ చివర పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అప్పటిదాకా నోరు విప్పని వాళ్ళమ్మ మెల్లగా, మాకెవరికీ కాదు, తనకే చెప్పుకున్నట్టు అంది.

“ఆడ సీర అడ్డం పట్టుకోని నిలబడేది నేనే గదన్నా. ఇది పెద్దదైన కాణ్ణుంచి. ఎవరన్నా వస్తారేమోనని అటూ ఇటూ సూసుకుంటా.”

ఆ మాట విన్నాక నేను నా వెనక ఉన్న రెండో కిటికీ వైపు తిరిగాను. దూది ఎగిరొచ్చి కళ్ళల్లో పడుతోందని అనుకోవచ్చు. ఆ కిటికీ మూసే ఉంది.

మామ మళ్ళీ కూర్చున్నాడు. మీసం తుడుచుకున్నాడు. హెచ్ఆర్ సారు వైపు తిరిగి అన్నాడు.

“కబురు ఇప్పుడే సెప్తాండామప్పా. పంపిస్తాం.”

హెచ్ఆర్ సారు గొంతు సవరించుకున్నాడు. “అది... మేమింకా సెలెక్ట్ చేయలేదండీ” అన్నాడు.

నిజమే. ఆ సంగతి అందరం మరిచిపోయాం. కంపెనీవాళ్ళు కూడా ఏదో ఒకటి అనుకోవాలి కదా. ఆయన కాగితం తిప్పి చూపించాడు. పని బాగుంది, మాట్లాడదు అని రాసుకున్నాడు. లైనులో ఏ ఇబ్బంది వచ్చినా నోరు తెరిచి చెప్పే పిల్లలు కావాలి, ఈ అమ్మాయి అసలు మాట్లాడటం లేదు కాబట్టి... అని సంజాయిషీ మొదలుపెట్టాడు. ప్రొడక్షన్ మేడమ్ ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది.

“ఈగ మాతాడిదళల్లా” అంది కన్నడంలో. ఇప్పుడు మాట్లాడింది కదా అని. మాట్లాడదు అన్నదాన్ని కొట్టేసి ఏదో రాసింది. తర్వాత అవ్వ వైపు తిరిగి కన్నడంలోనే ఏదో అడిగింది. సరిహద్దు ఊళ్ళ మనిషి కదా, అవ్వ గలగలా జవాబు చెప్పింది. ఉద్యోగం గురించేమోననుకున్నాను. ఉండల్లో బెల్లం పాకం ఎంతసేపు పట్టాలని అడిగిందట.

శుక్రవారం లారీ వెళ్ళింది. అమ్మా, నాన్నా, మామా ఎక్కారు. పిల్ల ఎక్కలేదు. తర్వాతి సోమవారం కంపెనీ బస్సెక్కింది. పోయిన మర్నాడే నాకు ఫోను చేసింది. “మేడమ్, రెండు గడియలూ బిగించినారు. నేను పోయి సూసినా” అంది. తిన్నావా అని అడిగితే, అది తర్వాత చెప్పింది.

ఇంగ్లీషు సార్ కాగితంలో ఆ చివరి జవాబును నేను పెన్నుతో కొట్టేశాను. అక్కడ ఏం రాయాలని ఆయన అడిగాడు. ఖాళీగా వదిలెయ్యమన్నాను. బొమ్మకు ఒక తల చేయించాలని కూడా అనుకున్నాం. అట్టతో చేసి కళ్ళూ ముక్కూ గీశాడు ఆయన. ప్రిన్సిపాల్ గారి పోలికలు వచ్చాయి. పిల్లలు మళ్ళీ కిందికి చూడటం మొదలుపెట్టారు. తీసేశాం.

మరుసటి ఏడు, మళ్ళీ మిరప కోతల కాలంలో ఆ పిల్ల ఫోను చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఎంతమంది వస్తారని అడిగాడట. మామ కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. గుడిసెలు యాడ, నీళ్ళు యాడ, జ్వరమొస్తే ఎవరు, బాత్రూము యాడ అని మొదలుపెట్టాడట. మేస్త్రీ నవ్వాడట. మామ నవ్వలేదట. చుట్టూ ఊరు మూగిందట. మేస్త్రీ లేచి, “సరేలే అన్నా, ఆడ రైతునడిగి కబురు చేస్తా” అన్నాడట.

“అయితే కబురు రాదులే” అన్నాను. నాకు ఆ మాట సంగతి తెలుసు కదా.

“వచ్చింది మేడమ్. ఊర్లో ఎవరూ లారీ ఎక్కకపోతే రాక ఏం చేస్తాది? రేకులతో బాత్రూము కట్టించినారంట. మా యమ్మ ఈ పొద్దే ఆడికి పోయి ఫోను చేసింది.”

“తలుపుందా?”

“ఉందంట.”

“గడియ?”

“లేదంట మేడమ్” అంది. నేను నిట్టూర్చబోయాను. “మామకు ముందే అనుమానం. ఆదోని బజార్లో ఒకటి కొనుక్కోని, మూటలో పెట్టుకోని పోయినాడంట. లారీ దిగినాక అన్నం కూడా తినకుండా మొదట అదే బిగించినాడంట. లోపలి పక్క.”